హ్యూస్టన్‌లో హరికేన్ వస్తే ఇంట్లోనే ఉండి కుటుంబంతో గట్టెక్కడం ఎలా

హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా ఉంటుంది. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మరీ జోరు. ఈ ఆరు నెలల్లో గల్ఫ్‌లో ఎక్కడ చిన్న సుడి కనిపించినా కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకరు "వెంటనే డల్లాస్ వెళ్లిపోండి" అంటారు. ఇంకొకరు "ఊళ్లో ఇంతకంటే పెద్ద తుఫాన్లే చూశాం, ఏం కాదు" అంటారు. ఇద్దరి మాటా పట్టించుకోకండి.

హరికేన్ అన్నా, బంగాళాఖాతం తుఫాను అన్నా జాతి ఒకటే, నిజమే. 1977 దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్ల నోట విన్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చాలామందికి ఇంకా గుర్తుంది. కానీ అక్కడ తలుపులేసుకుని కూర్చున్నది ఇటుక గోడల మధ్య, స్లాబు కింద. ఇక్కడి ఇల్లు చెక్క ఫ్రేము, దాని మీద షింగిల్స్ పరిచిన చెక్క కప్పు, ముందు పలచటి గరాజ్ తలుపు. అక్కడ కరెంటు పోతే ఇన్వర్టర్ ఆదుకునేది, మోటారు ఆడక నీళ్లకి కటకటగా ఉండేది. ఇక్కడ కుళాయి చాలావరకు వస్తూనే ఉంటుంది గానీ, ఏసీ ఆగిన ఇల్లు రెండో రోజుకల్లా కొలిమి అవుతుంది.

గాలివాన ఒక రాత్రి పని. ఆ తర్వాత కరెంటు లేని రోజులే అసలు పరీక్ష. 2024 జులై 8న మాటగోర్డా దగ్గర తీరం దాటిన హరికేన్ బెరిల్ అన్నిటికంటే కింది మెట్టయిన కేటగిరీ 1 మాత్రమే. అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి వారం దాటాక గానీ రాలేదు. వడదెబ్బకీ, జనరేటర్ పొగకీ ప్రాణాలు పోయాయి. కింద చెప్పిన ఏర్పాట్లలో సగానికి పైగా ఆ వారం కోసమే.

ముందు తేల్చుకోండి: ఉండాలా, వెళ్లాలా

నీళ్లు ముంచెత్తే చోటైతే వెళ్లిపోవాలి. గాలి ఒక్కటే భయమైతే గట్టి ఇంట్లో ఉండిపోవచ్చు. ఈ లెక్కకి కేటగిరీ నంబర్ సాయం చేయదు, ఎందుకంటే అది గాలి వేగం మాత్రమే చెబుతుంది. గంటకు 74 మైళ్లు దాటితే కేటగిరీ 1, 111 దాటితే 3, 157 దాటితే 5. వాన ఎంత పడుతుందో, సముద్రం ఎంత లోపలికి వస్తుందో ఆ నంబర్‌లో ఉండదు. 2017లో హార్వీ హ్యూస్టన్ మీదికి వచ్చేసరికి హరికేన్ హోదా కూడా లేదు, ట్రాపికల్ స్టార్మ్‌గా తగ్గిపోయింది. ఐనా అదే తుఫానులో టెక్సస్‌లోని నెదర్లాండ్ దగ్గర 60 అంగుళాలు దాటి వాన పడింది.

మూడు చూడండి. ఒకటి, మీ జిప్ కోడ్ తీరం వైపు ఖాళీ చేయించే జోన్లలో (కోస్టల్, ఎ, బి, సి) ఉందా? ఉండి, మీ జోన్‌ని ఖాళీ చేయమన్నారంటే ఇక చర్చ లేదు, బయల్దేరండి. రెండు, ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) మ్యాపులో మీ ఇల్లు వరద జోన్‌లో ఉందా, హార్వీలో మీ వీధి మునిగిందా? పక్కింటి పాత కాపురస్తుణ్ణి అడిగితే మ్యాపు కంటే ఎక్కువ చెబుతాడు. బార్కర్, ఆడిక్స్ జలాశయాల వెనకా దిగువనా ఉన్న ఎన్నో ఇళ్లు అప్పుడు మునిగాయి. వాటిలో చాలా వాటి మీద వరద జోన్ ముద్ర లేదు. మూడు, ఇంట్లో ఆక్సిజన్ మీదో, డయాలసిస్ మీదో ఉన్నవాళ్లున్నారా? ఉంటే ఇల్లు ఎంత గట్టిదైనా ముందే కరెంటు గ్యారంటీ ఉన్న చోటికి తీసుకెళ్లండి. సీజన్ మొదట్లోనే టెక్సస్ సహాయ నంబర్ 211కి ఫోన్ చేసి టెక్సస్ అత్యవసర సహాయ రిజిస్ట్రీ అయిన స్టియర్‌లో వాళ్ల పేరు రాయించవచ్చు. మొబైల్ హోమ్‌లో ఉన్నవాళ్లూ ఉండకూడదు.

ఈ మూడింటికీ సమాధానం "లేదు" అయితే ఉండిపోవడమే నయం. 2005లో రీటా వస్తోందని ఈ ప్రాంతం నుంచి దాదాపు 25 లక్షల మంది ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఎండలో గంటల కొద్దీ హైవేల మీద ఇరుక్కుని, ఆ ప్రయాణంలోనే చాలామంది పోయారు. ఖాళీ చేయాల్సిన వాళ్లకి దారి వదలడం కూడా ఒక సాయమే.

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ మన టైం ప్రకారం తెల్లవారుజామున 4, ఉదయం 10, సాయంత్రం 4, రాత్రి 10 గంటలకు బులెటిన్ ఇస్తుంది. రోజుకి ఆ నాలుగుసార్లు చూడండి చాలు, గ్రూపుల్లో వచ్చే యూట్యూబ్ లింకులు టెన్షన్ పెంచడానికి తప్ప ఎందుకూ పనికిరావు. మ్యాపులో కనిపించే గరాటు ఆకారం తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెబుతుంది, అంతే. దాని బయట ఉన్నామని నిశ్చింతగా ఉండకండి. గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు "వాచ్", 36 గంటల ముందు "వార్నింగ్" ఇస్తారు.

తుఫాను పేరు కూడా వినపడక ముందే చేయాల్సినవి

మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం కట్టదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి, ప్రభుత్వ పాలసీ అయితే సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. టీవీలో తుఫాను కనిపించాక కొంటే లాభం లేదు. మీ పాలసీలో గాలి నష్టానికి డిడక్టిబుల్ ఎంతో కూడా చూసుకోండి. అది చాలాచోట్ల ఇంటి ఇన్సూరెన్స్ విలువలో శాతంగా ఉంటుంది. 4 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతం అంటే మొదటి 8 వేలు మీ జేబులోంచే. కారు ఇన్సూరెన్స్‌లో కాంప్రెహెన్సివ్ కవరేజ్ ఉంటేనే మునిగిన కారుకి డబ్బులొస్తాయి.

ఫోన్ పట్టుకుని ఇల్లంతా ఒక వీడియో తీయండి. క్లాజెట్లు, గరాజ్, బీరువాలో నగలు, టీవీ వెనక సీరియల్ నంబర్, ఏదీ వదలకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీతో నడిచేది కొని పెట్టండి. ఇంటి మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి. టెక్సస్‌లో ఏటా ఏప్రిల్‌లో ఒక వీకెండ్ అత్యవసర సామాన్లకి సేల్స్ టాక్స్ ఉండదు, జనరేటర్ కొనాలంటే అప్పుడే కొనండి.

మూడు రోజుల ముందు: సరుకులు, మందులు, కాగితాలు

తాగునీళ్లు మనిషికి రోజుకో గ్యాలన్. నలుగురికి వారానికి 28 గ్యాలన్లు. బాటిళ్లు దొరకలేదని కంగారు పడనక్కర్లేదు. ఇంట్లో ఉన్న స్టీలు బిందెలు, కుక్కర్లు, పెద్ద గిన్నెలు కడిగి కుళాయి నీళ్లే పట్టి మూత పెట్టండి.

తిండి విషయంలో మనవాళ్లకి ఒక సుగుణం ఉంది. పొయ్యి ముట్టకుండా తినగలిగేవి మన వంటింట్లో ఎప్పుడూ ఉంటాయి: అటుకులు, మరమరాలు, జంతికలు, వేరుశనగలు, బెల్లం, పచ్చళ్లు, కందిపొడి. వీటికి బ్రెడ్డు, పీనట్ బటర్, డబ్బా శనగలు, అరటిపళ్లు, పిల్లలకి టెట్రా ప్యాక్ పాలు జోడిస్తే చాలు. మీది గ్యాస్ పొయ్యి అయితే కరెంటు లేకపోయినా చాలా మోడళ్లలో పైబర్నర్లు లైటర్‌తో వెలుగుతాయి. చిమ్నీ పనిచేయదు కాబట్టి కిటికీ కాస్త తీసి వండాలి. కరెంటు స్టవ్ అయితే ప్రొపేన్ క్యాంపింగ్ స్టవ్ ఒకటి కొనండి, కానీ దాన్ని బయటే వాడాలి. రైస్ కుక్కర్ మీద ఆశ పెట్టుకోకండి, అన్నం గిన్నెలో వార్చడం వచ్చిన మనిషి ఇంట్లో ఒకరుండాలి.

బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు రెండు వారాలకి సరిపడా తెచ్చుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల మందుల స్ట్రిప్పులు ఫొటో తీసి, అందులోని జెనరిక్ పేరు ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఇక్కడి డాక్టరుకి అక్కడి బ్రాండు పేరు చెబితే అర్థం కాదు. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు 86 ఫారెన్‌హీట్ డిగ్రీల లోపు సుమారు 28 రోజులు పాడవవు. చిక్కల్లా కరెంటు లేని ఇల్లు ఆ 86ని దాటిపోవడమే. చల్లగా ఉంచే ఇన్సులిన్ పౌచ్ కొని పెట్టుకోండి. ఐస్‌కి నేరుగా ఆనిస్తే గడ్డకట్టి పాడవుతుంది.

పాస్‌పోర్టులు, ఐ-797లు (ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పంపే నోటీసులు), గ్రీన్ కార్డులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు అన్నీ రెండు జిప్‌లాక్ కవర్లలో వేసి ఒకే బ్యాగులో పెట్టండి. చిల్లర నోట్లు కొన్ని ఉంచండి, కరెంటు లేని షాపులో కార్డు పనిచేయదు. కార్లన్నిటికీ ట్యాంకు నింపండి.

ముందు రోజు: ఇంటి బయట, ఇంటి లోపల

పెరట్లో మీరు చేత్తో ఎత్తగలిగిన ప్రతిదాన్నీ గాలి కూడా ఎత్తగలదు. కుర్చీలు, చెత్త డబ్బాలు, పిల్లల సైకిళ్లు, తులసికోట, కరివేపాకు కుండీలు అన్నీ గరాజ్‌లోకి. (కరివేపాకు చెట్టుని కారు కంటే ముందు లోపలికి తెచ్చే ఇళ్లు నాకు తెలుసు, తప్పు పట్టను. చలికాలాలు దాటించి పెంచిన చెట్టది.) ట్రాంపోలిన్ విప్పేయండి. ఇంటి ముందు డ్రెయిన్ మీద ఆకులు ఊడ్చేయండి, వీధి మునగడానికి సగం కారణం అవే. కారుని చెట్టు కింద వదలకండి.

కిటికీ అద్దాలకి టేపు అంటించడం దండగ. అది అద్దాన్ని ఆపదు, పగిలినప్పుడు ముక్కలు పెద్దవై ఇంకా ప్రమాదం. పెద్ద తుఫాను అయితే ప్లైవుడ్ బిగించాలి, లేదంటే బ్లైండ్లు, కర్టెన్లు వేసి ఆ గదిలోకి వెళ్లకుండా ఉండాలి. గరాజ్ తలుపుని కరెంటు లేకుండా చేత్తో తీసే ఎర్ర తాడు ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ చూపించండి.

ఫ్రిజ్, ఫ్రీజర్‌లని ముందు రోజే బాగా చల్లటి సెట్టింగ్‌కి తిప్పండి. జిప్‌లాక్ కవర్లలో ముప్పావు వంతు నీళ్లు పోసి, గాలి తీసేసి, బల్లపరుపుగా ఫ్రీజర్ సందుల్లో దూర్చండి. నిండా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌కి 4 గంటలే. ఒక కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక క్వార్టర్ నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తర్వాత చూస్తే నాణెం పైనే ఉంటే సరే. కప్పు అడుక్కి దిగి ఉంటే, మధ్యలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు లోపలున్న తురిమిన కొబ్బరి, మునక్కాడలు, చేపలు ఏవీ నమ్మకూడదు.

బట్టలు ఉతికేయండి, అంట్లు తోమేయండి, అందరూ స్నానాలు చేసేయండి. బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టండి, అవి తాగడానికి కాదు, టాయిలెట్‌లో పోయడానికి. బకెట్టూ మగ్గూ మన ఇళ్లలో ఎలాగూ ఉంటాయి. చిన్నపిల్లలుంటే ఆ బాత్రూం తలుపు గడియ వేసే ఉంచాలి. పవర్ బ్యాంకులు, ల్యాప్‌టాప్‌లు చార్జి చేయండి. ఇంటిని 70 డిగ్రీల దాకా చల్లబరిచి పెట్టుకోండి, కరెంటు పోయాక మొదటి కొన్ని గంటలు ఆ చల్లదనమే దిక్కు.

ఇండియాకి ఒకసారి ఫోన్ చేసి "రెండు మూడు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, టీవీ చూసి భయపడకండి" అని చెప్పేయండి. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న చుట్టం ఒకరిని ఎంచుకుని, మీరు ఆ ఒక్కరికే టెక్స్ట్ పెడితే వాళ్లే అందరికీ చెప్పేలా మాట్లాడుకోండి. కాల్ వెళ్లనప్పుడు కూడా టెక్స్ట్ వెళ్తుంది.

ఆ రాత్రి

కింది అంతస్తులో, కిటికీలు లేని, ఇంటి నడిమి గది చూసుకోండి. హ్యూస్టన్ ఇళ్లకి బేస్‌మెంట్ ఉండదు కాబట్టి మెట్ల కింది క్లాజెట్టో, లోపలి బాత్రూమో అవుతుంది. పరుపులు, దిండ్లు, చెప్పులు కాదు బూట్లు, పిల్లల సైకిల్ హెల్మెట్లు అక్కడే పెట్టండి. హరికేన్ అంచుల్లో టోర్నడోలు పుడతాయి. ఫోన్‌లో టోర్నడో వార్నింగ్ మోగితే హెల్మెట్లు పెట్టుకుని అందరూ ఆ గదిలోకి దూరాలి. అందుకే ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.

దీపారాధన చేయాలనిపిస్తే సాయంత్రమే కానిచ్చి దీపం కొండెక్కాక పడుకోండి. కొవ్వొత్తులు వద్దు, టార్చిలైట్లే. ఫైరింజన్ రాలేని రాత్రి ఇంట్లో నిప్పు పెట్టుకోకూడదు.

అర్ధరాత్రి దాటాక శబ్దం పెరుగుతుంది. కప్పు కిర్రుమంటుంది, అటిక్ (కప్పు కింది అటక) తలుపు టపటపా కొట్టుకుంటుంది, కిటికీ అడుగు నుంచి నీళ్లు సన్నగా లోపలికి కారతాయి. పాత తువ్వాళ్లు చుట్టి గుమ్మాల దగ్గర, కిటికీ గట్ల మీద అదిమి పెట్టండి, తడిసినవి తీసి పిండుతూ ఉండండి. పెద్దవాళ్లకి చేతినిండా పని ఉంటే పిల్లలకి భయం తగ్గుతుంది. వాళ్లకి పేకముక్కలో, అష్టాచెమ్మానో ఇవ్వండి, టాబ్లెట్ చార్జి అత్యవసరానికి ఉంచండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి వెళ్లకండి. తుఫాను కన్ను మీ మీదుగా పోతోందేమో. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా గాలి మళ్లీ మొదలవుతుంది.

నీళ్లు గుమ్మం దాకా వస్తే, మీ కాళ్లు పొడిగా ఉన్నప్పుడే మెయిన్ బ్రేకర్ ఆపేయండి. నీళ్లలో నిలబడి దాన్ని ముట్టుకోవద్దు. కాగితాల బ్యాగు, మందులు తీసుకుని పై అంతస్తుకి వెళ్లండి. పై అంతస్తు లేని ఇంట్లో అటిక్ ఎక్కి ఇరుక్కుపోకండి. కప్పు పగలగొట్టే గొడ్డలి లేకుండా అక్కడికి వెళ్లవద్దని హార్వీలో అధికారులు మొత్తుకున్నారు. కప్పు మీదికి చేరి 911కి ఫోన్ చేయాలి.

తెల్లారాక, వారం దాకా

గాలి ఆగిన ఉదయమే బయటికి వెళ్లి అంతా చూసి రావాలనిపిస్తుంది. తెగి పడిన ప్రతి తీగలోనూ కరెంటు ఉందనే అనుకోండి. నిలిచిన నీళ్లలో దిగకండి. మురుగు సరే, ఇక్కడి నిప్పుచీమలు ముద్దగా ఏర్పడి నీళ్ల మీద తేలుతూ వస్తాయి. ఆరు అంగుళాల పారే నీరు మనిషిని పడేస్తుంది, అడుగు నీరు చిన్న కారుని తేలుస్తుంది, రెండడుగులు చాలా కార్లని లాక్కుపోతాయి. పాలకోసమని బయల్దేరి అండర్‌పాస్‌లో ఇరుక్కోకండి.

జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అవతలి వైపుకి తిప్పి పెట్టాలి. గరాజ్ తలుపు బార్లా తెరిచినా సరే, గరాజ్‌లో పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, నిద్రలోనే పోతారు. గరాజ్‌లో కారు ఆన్ చేసి ఫోన్ చార్జి చేసుకోవడమూ అంతే ప్రమాదం. బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తేవద్దు. జనరేటర్ వైరుని గోడ సాకెట్‌లో గుచ్చితే, మీ వీధిలో తీగలు బాగుచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. జనరేటర్‌ని చల్లారనిచ్చాకే పెట్రోలు పోయండి.

ఇక ఎండ. బెరిల్ తర్వాత ఎక్కువ బాధపడింది ముసలివాళ్లు. "మా చిన్నప్పుడు ఏసీలెక్కడివి, నాకేం కాదు" అంటారు నాన్నగారు. ఆ రోజుల్లో ఎత్తయిన కప్పులూ ఎదురెదురు కిటికీలూ ఉండేవి. ఇక్కడి ఇల్లు ఏసీ కోసం మూసి కట్టినది, తెరిస్తే గాలి అంత తేలిగ్గా ఆడదు. పగలు ఎండ వైపు కర్టెన్లు వేసి, రాత్రి కిటికీలు తెరవండి. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోమనండి, దాహం వేయకపోయినా ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లో, ఓఆర్ఎసో తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి ఎంత ఉప్పు, ఎంత నీరు అన్నది డాక్టరుని ముందే అడగాలి. రెండో రోజుకీ కరెంటు రాకపోతే 211కి ఫోన్ చేసి దగ్గర్లో కూలింగ్ సెంటర్ ఎక్కడుందో కనుక్కోండి, లేదా కరెంటు ఉన్న స్నేహితుల ఇంట్లో పెద్దవాళ్లని దింపి రండి. మొహమాటపడే సమయం కాదు. మాట తడబడినా, తికమకపడినా, ఒళ్లు కాలుతున్నా వెంటనే 911.

తిండి ఈ వరసలో తినండి: మొదటి 4 గంటల్లో ఫ్రిజ్‌లోవి, తర్వాత ఫ్రీజర్‌లోవి, చివరికి అటుకులూ డబ్బాలూ. మొదటి రోజుకి పులిహోర కలుపుకోవచ్చు. పెరుగన్నం ఆ వేడికి పూటకూడా ఆగదు. బాయిల్ వాటర్ నోటీసు వస్తే నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం రెండు నిమిషాలు కాచి తాగాలి, పళ్లు తోమడానికీ ఆ నీళ్లే.

డబ్బు సంగతి

ఏదీ తీసేయక ముందే నష్టాన్ని ఫొటోలు తీసి ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేయండి. కప్పు చిరిగితే టార్పాలిన్ కప్పించి ఆ రశీదు దాచండి. మర్నాడే తలుపు తట్టే రూఫర్లకి డబ్బు ముందే మొత్తం ఇవ్వకండి. "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి, టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం.

ఫెమా సాయం ప్రకటిస్తే, హెచ్-1బి మీద ఉన్నాం కదా మనకి రాదులే అని ఊరుకోకండి. నగదు సాయానికి సిటిజన్ గానీ గ్రీన్ కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్లు గానీ అయ్యుండాలన్నది నిజమే. కానీ మీతో ఉంటున్న మైనర్ పిల్ల ఇక్కడ పుట్టిన సిటిజన్ అయితే, ఆ పిల్ల తరఫున తల్లిదండ్రులు అప్లై చేయవచ్చు. షెల్టర్, తిండి, నీళ్లకి వీసాతో పనే లేదు. నంబర్ 1-800-621-3362. తెలుగు దుభాషి కావాలని అడగవచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ నంబర్, పిల్ల సోషల్ సెక్యూరిటీ నంబర్, బ్యాంకు అకౌంట్ వివరాలు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, లైన్ కలవడానికి చాలాసేపు పడుతుంది.